మట్టిలో రసికుడు

చెరుకు రసాన్ని మెచ్చుకునేవాళ్లు బోధన్ దారి పొడుగునా ఉంటారు. బండి దగ్గర నిలబడి, అల్లమూ నిమ్మకాయా పిండించుకుని, నురగ తేలిన గ్లాసు పెదవికి తాకించి, కళ్లు మూసుకుని ఆహా అంటారు. అనాల్సిందే. కాని ఆ చెరుకు తాగిన నీటిని తలుచుకుని ఆహా అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆకు వండింది, గడ దాచింది, మనం తాగాం. ఈ ముగ్గురికీ అడుగున, చీకట్లో, రాత్రింబగళ్లు రుచి చూస్తూ కూర్చున్నవాడు ఒకడున్నాడు. వాడు వేరు. తాగే ముందు తూచేవాడు, తాగాక కూడా మరోసారి విచారించేవాడు, అక్కర్లేనిదాన్ని గడప దగ్గరే ఆపేవాడు. వాడంతటి రసికుడు ఈ ఇందూరు సీమలో, అంటే మన నిజామాబాద్ నేలలో, ఇంకొకడు లేడని నా నమ్మకం. నాతో పాటు కాసేపు మట్టిలోకి దిగి, ఆ తర్వాత కాదనండి.

వాడు కూర్చున్న నేల కూడా సామాన్యమైంది కాదు. నిజామాబాద్‌లో ఖిల్లా గుట్ట ఎక్కినా, ఆర్మూరులో నవనాథ సిద్ధుల గుట్ట కింద నిలబడినా కంటికి ఆనేది గ్రానైటు. 200 కోట్ల ఏళ్లు పైబడ్డ రాయి. ఎండకు పగిలి, వానకు నాని, పొడిపొడిగా రాలి అదే ఎర్ర చెల్క అయింది. పడమటికి, బోధన్ మీదుగా మంజీర వైపు నడవండి. ఎరుపు మెల్లగా బూడిదరంగుకు తిరుగుతుంది, బూడిద నల్లబడుతుంది, చెప్పుకు అంటుకుంటే వదలని రేగడి మొదలవుతుంది. దానిది వేరే పుట్టుక. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కనులో పొంగి, పారి, గడ్డకట్టిన లావా అరిగి అయిన మట్టి అది. మంజీర మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, ఆ నల్లరాతి సీమను ఒరుసుకుంటూ వచ్చి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఒక రాయి పొటాషు ఇచ్చింది, ఇంకో రాయి సున్నమూ మెగ్నీషియమూ ఇనుమూ ఇచ్చింది. ఈ సీమలో వేరు నోట పెట్టుకునే ప్రతి చుక్కలోనూ ఏదో ఒక పురాతనాగ్ని చల్లారిన రుచి ఉంది!

ఆ రెండు మట్టుల స్వభావం చూడండి, ఎంత తేడా. చెల్క దాత. పోసిన నీళ్లు గబగబా తాగుతుంది, అడిగిన వేరుకు అడిగినంత ఇచ్చేస్తుంది, నాలుగు రోజులు ఎండ కాస్తే ఇక నా దగ్గరేం లేదంటుంది. రేగడి పిసినారి. తాగిన నీటిని రేణువు రేణువుకూ పొరగా చుట్టి దాచుకుంటుంది. వేరు అడిగితే కొంత ఇస్తుంది, మళ్లీ అడిగితే బిగబడుతుంది, చివరి వంతు ఎంత బతిమాలినా వదలదు. మొక్క వాడి తలవాల్చిన తర్వాత కూడా రేగడి పిడికిట్లో తడి మిగిలే ఉంటుంది. ఎండాకాలం వచ్చిందా, అదే రేగడి నెర్రెలు వాసి, తనలో పెరిగిన వేళ్లను తానే తెంపుతుంది. చెల్కలో వేరుది లలితగీతం, రేగడిలో ప్రౌఢప్రబంధం. రెంటినీ ఆలపించగల గొంతు ఒకే గడ్డిజాతికి ఉండటం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

మనకు నీరంటే పారాలి, మెరవాలి, గలగలమనాలి. 1931లో నిజాంసాగర్ కట్ట పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో ఎనిమిదేళ్ల పాటు సాగిన పని అది. మంజీర అక్కడ ఆగి, నిండి, కాలువల్లోకి మళ్లి, ఈ పొలాల మీదికి వచ్చింది. ఎంత ఆర్భాటం ఆ రాకలో! తూములు, కాలువ గట్లు, నీటి వంతుల తగాదాలు, తెల్లవారుజామున పారలు భుజాన వేసుకుని పరుగెత్తే మనుషులు. ఇంత సంరంభంతో వచ్చిన నది చాలులో పారి, ఇంకి, దిగి, చప్పుడు మానేసి, రెండు మట్టి రేణువుల నడుమ కంటికానని పలుచని పొరగా మిగులుతుంది. అప్పటిదాకా వేరుకు దానితో పని లేదు. పారే నీటికి వేరు తలొగ్గదు, నిలిచిన నీటిలో దానికి ఊపిరాడదు. నది తన పేరూ ఊరూ మరచి ఉత్త తడిగా మారిన క్షణాన వేరు చేయి చాస్తుంది. రసాస్వాదనకు ఏకాంతం కావాలని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ చేయి పేరు మూలకేశం. వేరు కొనకు కాస్త వెనగ్గా, పైచర్మంలోని ఒకే ఒక్క కణం పక్కకు పొడుచుకొచ్చి, రేణువుల సందుల్లో వంగి, మెలిపడి, మట్టికి తన ఒంటిని అద్దుకుంటుంది. దాని ఆయుష్షు కొద్ది రోజులు, మహా అయితే కొద్ది వారాలు. అది రాలేలోగా వేరు కొన ముందుకు జరిగి కొత్త కేశాలను పుట్టిస్తుంది. అంటే వేరు ఒకచోట కూర్చుని తాగదు, తాగిన చోటును వదిలి తాగని చోటుకు నిత్యం ప్రయాణిస్తుంది. 1937లో అమెరికాలో హోవర్డ్ డిట్మర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు నాలుగు నెలల రై మొక్క ఒక్కదాని వేళ్లను కడిగి, కొలిచి, లెక్క ప్రకటించాడు. వేళ్లన్నీ కలిపితే పొడవు 600 కిలోమీటర్లు దాటింది. వాటి మీది మూలకేశాలు దాదాపు 1,400 కోట్లు, వాటి పొడవు 10,000 కిలోమీటర్ల పైచిలుకు. ఇదంతా రెండు ఘనపుటడుగులు కూడా లేని మట్టిపెట్టెలో! రై చెరుకుకు గడ్డి వంశంలో చుట్టమే. మన బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపించిందీ ఆ 1937లోనే. ఇక్కడ గడను పిండే యంత్రాలకు గోడలు లేస్తున్న ఏడాది, అక్కడొకడు వేరు వెంట్రుకలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఇద్దరిలో ఎవరు చెరుకుకు ఆత్మబంధువని అడిగితే నేను సంకోచం లేకుండా రెండోవాడి పక్కన నిలబడతాను.

నీరు లోపలికి వచ్చే తీరులో బలవంతం లేదు. వేరు తన కణాలలోని రసాన్ని బయటి తడి కన్నా చిక్కగా ఉంచుకుంటుంది, అంతే. పలుచని చోటి నుంచి చిక్కని చోటికి నీరు తనంతట తానే నడిచి వస్తుంది. బడిలో ద్రవాభిసరణం అని నేర్చుకుని, పరీక్షలో రాసి, మరచిపోయిన సంగతి ఇదే. మరచిపోతే పోయింది గాని దాని సొగసు పోకూడదు. తన లోపల సాంద్రత పెంచుకున్నవాడి దగ్గరికి రసం నడిచి వస్తుంది! కణపు పొరలో నీటికని ప్రత్యేకంగా సన్నని దారులున్నాయి. ఆక్వాపోరిన్లు అంటారు. వాటిని కనుగొన్న పీటర్ అగ్రేకు 2003లో రసాయనశాస్త్రపు నోబెల్ వచ్చింది. ఆ దారిలో నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి వరుసగా నడవాలి, ఇద్దరు పక్కపక్కన పట్టరు. నీటిని అంటిపెట్టుకుని తిరిగే ప్రోటాను కూడా వాటి వెంట దూరలేదు. మంజీర వరదను కళ్లతో చూసినవాళ్లు ఈ క్రమశిక్షణను ఒక్కసారి ఊహించుకోండి. ఆ నదేనా ఇది!

లవణాల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ బేరం ఉంది. బంకమట్టి రేణువు ఒంటినిండా రుణావేశం. పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం ధనావేశంతో దానిని కరుచుకుని ఉంటాయి. వేరు తన శక్తి ఖర్చు పెట్టి హైడ్రోజన్ అయాన్లను బయటికి నెడుతుంది. అవి వెళ్లి రేణువు మీద కూర్చుంటాయి, కూర్చున్నచోటి పొటాషియం లేచి వేరు వైపు వస్తుంది. రూపాయి ముట్టకుండా గింజకు గింజ మార్చుకునే పాతకాలపు ఊరి అంగడి అది, చీకట్లో, చప్పుడు లేకుండా, సెకనుకు కోట్ల బేరాలతో సాగుతుంది. నైట్రేటుది ఇంకో వగ. దానిదీ రుణావేశమే కనుక మట్టి దాన్ని దగ్గరకు చేరనివ్వదు. అది నీటి వెంట దేశదిమ్మరిలా తిరుగుతూ, వేరు బయటికి పంపిన హైడ్రోజన్ అయాను వెనక్కి వచ్చేటప్పుడు దాని చేయి పట్టుకుని లోపలికి వచ్చేస్తుంది. భాస్వరం మాత్రం కదలదు, మెదలదు, ఉన్నచోటే మొండికేస్తుంది. దాని కోసం వేరు తన లోపల చోటిచ్చి ఒక బూజును పెంచుకుంటుంది. ఆ బూజు పోగులు మూలకేశం చేరలేనంత దూరం వెళ్లి భాస్వరాన్ని మోసుకొస్తాయి, కూలి చక్కెరలో ముడుతుంది. చెరుకు వేరులో నత్రజనిని పట్టే బాక్టీరియా కాపురముంటుందని 1988లో బ్రెజిల్‌లో జొహానా డోబరైనర్ బృందం ప్రకటించింది. దానికీ కూలి చక్కెరే. బోధన్ చక్కెర శక్కర్‌నగర్ చేరకముందే, మట్టిలో ఎంతమంది దాని రుచి చూశారో!

నల్లరేగడిలో ఇనుము కథ చెప్పకపోతే వేరు రసికత పూర్తిగా తెలియదు. ఆ మట్టిలో ఇనుముకు కొదవ లేదు, కాని సున్నం ఎక్కువైన చోట అది కరగదు. కళ్లెదుటే ఉంటుంది, నోటికందదు. గడ్డిజాతి వేళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం నన్ను ప్రతిసారీ పులకింపజేస్తుంది. అవి ముగినెయిక్ ఆమ్లమనే ఒక పదార్థాన్ని మట్టిలోకి వదులుతాయి. అది వెళ్లి ఇనుమును నలువైపులా చుట్టి పట్టుకుంటుంది, పట్టుకున్నదాన్ని పట్టుకున్నట్టే వేరు లోపలికి తీసుకుంటుంది. 1970ల్లో జపాన్‌లో తకాగి అనే శాస్త్రవేత్త ఈ రహస్యాన్ని వెలికితీశాడు. బార్లీ వేళ్లలో చూస్తే, ఆ స్రావం పొద్దు పొడిచాక కొద్ది గంటల్లోనే ఉద్ధృతంగా సాగి, తర్వాత తగ్గిపోతుందట. వెలుగు ముఖం ఎరగని వేరుకు తెల్లవారిందని ఎవరు చెప్పారు? ఆకు చెప్పి ఉంటుంది, ఇంకెవరు! ఇంత నేర్పున్నా, కోసిన దుబ్బు మళ్లీ చిగిర్చిన కార్శి తోటలో ఒక్కోసారి వేరు చేతులెత్తేస్తుంది. లేత ఆకులు పాలిపోతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చ గీతల్లా మిగులుతాయి. అప్పుడు రైతు అన్నభేదిలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొడతాడు. పడమర పొలాల్లో ఆ పాలిపోయిన చెరుకు మళ్లీ పచ్చబడటం చూస్తే, మూర్ఛ తేలిన మనిషి ముఖం చూసినట్టుంటుంది.

ఇప్పుడు అసలు ఘట్టానికి వస్తాను. నన్ను ఈ వ్యాసం రాయించింది ఇదే.

మూలకేశం దాటిన నీరు పైచర్మం కింది వల్కలంలో తిరుగుతుంది. కొంత కణాల లోపలి నుంచి, కొంత కణాల గోడల వెంబడి, గోడ నుంచి గోడకు, ఎవరి అనుమతీ లేకుండా. ఆ గోడదారిన వచ్చేదానిలో మంచీ ఉంది, చెడూ ఉంది, పొటాషు పక్కనే చౌడు ఉప్పు ఉంది. ఇలా దొమ్మీగా వచ్చినదంతా వేరు నడిబొడ్డుకు చేరబోయే ముందు ఒక వలయం అడ్డం వస్తుంది. దాని పేరు అంతశ్చర్మం. ఆ వలయంలో ప్రతి కణం నడుముకూ ఒక పట్టీ, గట్టిగా, నీరు చొరనంత బిగువుగా. 1865లో దాన్ని వివరించిన జర్మన్ పండితుడు రాబర్ట్ కాస్పరి పేరనే కాస్పరి పట్టీ అంటున్నాం. ఇక గోడల వెంబడి దొంగదారి లేదు. లోనికి పోదలచిన ప్రతి చుక్కా, ప్రతి లవణమూ గోడ దిగి, ఒక సజీవ కణం పొర ముందు నిలబడి, దాని గుండా పోవాలి. ఇక్కడ ఎంపిక జరుగుతుంది. ఇక్కడ సోడియం ఆగిపోతుంది, చాలా మటుకు. ఇక్కడ పొటాషియానికి స్వాగతం. లోపలికి వచ్చినది మళ్లీ బయటికి కారిపోకుండా కాపలా కూడా ఇక్కడే. ఎంత సున్నితమైన అభిరుచి! ఎంత కఠినమైన నియమం! ఔచిత్యం కావ్యానికి ప్రాణమని క్షేమేంద్రుడు సిద్ధాంతం చేశాడు, ఆ ఔచిత్యం రూపుకట్టి వేరు గుండెకు వడ్డాణమై చుట్టుకుంది! సహృదయుడు దేన్నైనా చెవి దాకా రానిస్తాడు, గుండె దాకా కొన్నింటినే. ఒక్క రేణువు మందం లేని ఆ పట్టీని సూక్ష్మదర్శినిలో మొదటిసారి చూసినవాడు నిశ్శబ్దంగా కళ్లు తుడుచుకుని ఉంటాడని నాకు ఊహ.

గడప దాటాక దారువు. నిలువు గొట్టాలు, చచ్చి ఖాళీ అయిన కణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని వేసిన బాట. రాత్రివేళ ఆకులు ఊరుకున్నా వేరు ఊరుకోదు. లవణాలను లోపలికి తోడుతూనే ఉంటుంది, వాటి వెంట నీరు చేరుతూనే ఉంటుంది, ఒత్తిడి పెరిగి కింది నుంచి పైకి నెడుతుంది. తెల్లారి వరి నారుమడి గట్టున నిలబడి చూడండి. ప్రతి ఆకు కొసన ఒక్కో ముత్యం. మంచు ఆకు ఒళ్లంతా పరుచుకుంటుంది, ఇది ఒక్క కొసనే నిలుస్తుంది. వేరు రాత్రంతా పంపిన నీటిలో ఆకు తాగలేక మిగిల్చినది ఆ ముత్యం. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ ద్రాక్షతీగ మొదలు కోసి, దానికి గాజుగొట్టం తగిలించి, వేరు ఎంత బలంగా నెడుతుందో పాదరసంతో కొలిచి 1727లో పుస్తకం రాశాడు. పగటి కథ వేరు. ఎండకు ఆకులు నీటిని గాలిలోకి వదులుతుంటే, పైన పోయిన ప్రతి అణువూ తన వెనకవాణ్ణి లాగుతుంది, వాడు తన వెనకవాణ్ణి. ఆ లాగుడు గడంతా దిగి, వేరు దాకా, రేగడి పిడికిలి దాకా పాకుతుంది. 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జోలీ ప్రతిపాదించిన ఈ భావననే నేడు లోకం ఒప్పుకుంది. మన జగదీశ్ చంద్ర బోస్ మాత్రం మొక్క లోపలి కణాలు గుండెలా కొట్టుకుంటూ రసాన్ని ఎగదోస్తాయని 1923లో గ్రంథమే రాశాడు. శాస్త్రం ఆ మాటను నిలబెట్టలేదు. నిలబెట్టకపోయినా, మొక్కకు గుండె ఉందని పట్టుబట్టిన ఆ మనిషి మీద నాకు చెప్పలేనంత ప్రేమ.

తాగిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఆకుల గుండా గాలిలో కలిసిపోతుంది. ఇంత ఏరి, ఇంత తూచి, ఇంత వడపోసి తెచ్చినది పోతుందే అని దిగులుపడకండి. ఆ పోయే నీరే లవణాలను పైకి మోసింది, ఆ పోయే నీరే ఆకును మేలో మాడిపోకుండా చల్లబరిచింది. మిగిలిన పిడికెడు పాళ్లు గడలో నిలిచాయి. మరొకటి చెప్పనా? చెరుకు ముక్క నమిలి, రసం మింగి, పిప్పి ఉమ్మేస్తాం కదా. ఆ పిప్పిలోని నారలే నీరు ఎక్కివచ్చిన గొట్టాల కట్టలు. రసం వాటి చుట్టూ ఉన్న మెత్తని కణాలలో ఉంటుంది. నది నడిచిన బాటను ఉమ్మేసి, బాట పక్కన దాచిన తేనెను మింగుతున్నామన్నమాట. చక్కెర మిల్లులో ఆ బాటే బాయిలర్లో మండి, రసాన్ని కాచే ఆవిరి అవుతుంది.

చెరుకు వేరుకు ఇంతటి పట్టుదల ఎక్కడిదని నేను చాలాకాలం అనుకునేవాణ్ణి. సమాధానం కందకుర్తి ఇసుకలో ఉంది. దసరా వేళకు మంజీర ఒడ్డున, గోదావరి లంకల్లో తెల్లగా తలలూపే రెల్లు చూశారా? పశువు కూడా మూతి తిప్పుకునే ఆ గడ్డి మన తోటల చెరుకుకు తాత. కోయంబత్తూరులో 1912లో చెరుకు పరిశోధన కేంద్రం వెలిసింది. అక్కడ బార్బర్, వెంకట్రామన్ లావుపాటి తియ్యచెరుకును రెల్లుతో కలిపి కో 205 రకాన్ని సృష్టించారు, 1918లో అది పొలాల్లోకి వచ్చింది. ఆ తర్వాతి కో రకాలెన్నిటి ఒంట్లోనో ఆ రెల్లు నెత్తురు పారుతోంది, ఈనాటి దక్షిణాది తోటలను ఏలుతున్న కో 86032 దాకా. తీపి రాచబిడ్డది, వేరు అడవిబిడ్డది. తీపికి పేరొచ్చింది. నా ఓటు వేరుకు.

చెరుకు ముక్క, అంటే ముచ్చె, నాటిన కొద్ది రోజులకే గణుపు చుట్టూ ఉన్న చుక్కల నుంచి సన్నని వేళ్లు పొటమరిస్తాయి. అవి దాసీలు. పిలక తన కాళ్ల మీద తాను నిలబడే దాకా పాలు పట్టి, ఆ తర్వాత ఎండిపోతాయి. వాటి పని అందుకునేవి పిలక మొదట్లోంచి పుట్టే లావుపాటి, తెల్లని, కండగల వేళ్లు. వాటిలో కొన్ని పైపైన చదునుగా పరుచుకుని వాన చుక్కల కోసం కాచుకుంటాయి. కొన్ని ఏటవాలుగా దిగి గడను పడిపోకుండా ఊతమిస్తాయి. కొన్ని మాత్రం మోకుల్లా పెనవేసుకుని నిట్టనిలువుగా, మీటర్ల లోతుకు, ఎండాకాలపు చివరి తడి దాకా దిగిపోతాయి. కోసిన తర్వాత కార్శికి పాత వేళ్లు కొంతకాలం తోడుండి, కొత్త పిలకల కొత్త వేళ్లకు చోటిచ్చి తప్పుకుంటాయి. ఏడాది పంట మీద ఏడాది పంట, ఒకే దుబ్బు, మళ్లీ మళ్లీ యవ్వనం!

వరి వేరును గూర్చి ఒక్క మాట. బురదలో మునిగి గాలి అందని చోట అది ఆకు నుంచే గాలిని కిందికి తెచ్చుకుంటుంది, తన లోపల ఖాళీ గదులు కట్టుకుని. ఆ గాలి కాస్త బయటికి ఒలికి, బురదలోని ఇనుమును తుప్పుగా మార్చి, వేరు ఒంటికి ఎర్రని పూత పూస్తుంది. వర్ని వైపు నాట్లు పడ్డ కొన్నాళ్లకు ఒక దుబ్బు పీకి కడిగితే కొత్త వేళ్లు తెల్లగా, పాతవి పారాణి పెట్టినట్టుగా కనిపిస్తాయి. పసుపు సంగతి అందరికీ తెలుసు, 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు కూడా నిజామాబాద్‌కే వచ్చింది. కాని మార్కెట్ యార్డులో కుప్పలు పోసిన కొమ్ము వేరు కాదు, నేలలో దాగిన కాండం. దానికి రంగూ వాసనా కూర్చుకునే ముడిసరుకు అందించిన అసలు వేళ్లు తవ్వకంలోనే రాలిపోయి ఉంటాయి. ఎప్పటిలాగే వేరుకు కిరీటం దక్కలేదు.

తాగడం తెలిసినవాడికి తాగకుండా ఉండటమూ తెలియాలి. చెరుకు ఈ పరీక్షలో నెగ్గుతుంది. కోతకు కొన్ని వారాల ముందు రైతు నీళ్లు ఆపుతాడు. ఎండిపోదా అని అడిగితే ఇక్కడి ముసలి రైతులు నవ్వుతారు. "ఎందుకు ఎండుతది సారూ, నీళ్లు బంద్ చేస్తెనే తీపి పడ్తది" అంటారు. నిజమే. చలి రాత్రుల్లో, ఆరిన నేలలో వేరు ఒక్కో చుక్కా వెతుక్కుంటుంటే గడ ఎదుగుదల నిదానిస్తుంది. ఎదుగుదలకు ఖర్చయ్యే చక్కెర గణుపు గణుపునా నిలవపడుతుంది. కింది నుంచి పైకి, ఒక్కో గణుపు తియ్యబడుతూ వస్తుంది. మొదటి పది నెలలూ సమృద్ధి, చివరి వారాలు విరహం. విప్రలంభం లేనిదే శృంగారం పండదని ఆలంకారికులు చెప్పింది బోధన్ రైతు పొలంలో చేసి చూపిస్తాడు!

ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారాల్లో ఒకటిగా పేరు మోసిన ఆ శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. తోటలు తగ్గాయి, వరి, సోయా, మక్క వచ్చాయి. మిగిలిన గడలు కామారెడ్డి వైపు మిల్లులకు లారీలెక్కుతున్నాయి. మిల్లు తెరవడం గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, తెరవాలనే నేనూ కోరుకుంటాను. కాని నా కోపం ఇంకోచోట. ఇంత ఏర్పరితనం ఉన్న వేరు నోట్లో యూరియా బస్తాలకు బస్తాలు కుమ్మరించడం, కాలువలో నీళ్లున్నాయి కదా అని మురుగు పోయే దారి లేకుండా పొలాన్ని ముంచడం, నాకు రసాభాసంగా తోస్తుంది. మురుగు నిలిస్తే వేరుకు ఊపిరి అందదు, ఊపిరి లేక బేరం సాగదు, నీటి నడుమ నిలబడే చెరుకు దాహంతో పసుపుబడుతుంది. నేల ఎండిన కొద్దీ చౌడు పైకి తేలుతుంది. కాస్పరి పట్టీ ఎంతకని ఆపుతుంది?

ఈ వేరు రసికతను కళ్లారా చూడాలనుకునేవాళ్లకు దారి సులువు. పొలం దాకా వెళ్లనక్కర్లేదు. ఇంట్లో రొట్టెల కోసం తెచ్చిన జొన్నల్లోంచి పది గింజలు తీసి, రాత్రి నానబెట్టి, తడిగుడ్డ పరిచిన పళ్లెంలో చల్లి, మీద ఇంకో పళ్లెం మూత పెట్టండి. గుడ్డ తడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. మూడో రోజో నాలుగో రోజో మూత తీసి, కిటికీ దగ్గర వెలుతురులో వేరు కొన వెనక చూడండి, తెల్లని నూగు కనిపిస్తుంది. వేలితో తాకకండి, మూలకేశాలు విరిగిపోతాయి. నీళ్లలో ముంచకండి, ఒకదానికొకటి అంటుకుపోతాయి. పిల్లలుంటే వాళ్లను ముందు చూడనివ్వండి.